రెక్క మీద గాటు

వదిన కార్డును బల్ల మీద పెట్టి, దాని పక్కనే రబ్బరు ముద్రను వెల్లకిలా ఉంచింది.

"చూడు" అంది.

మరదలు చేతిలోని కత్తెర పక్కన పెట్టి వంగి చూసింది. కార్డు మీద కొమ్మపై వాలిన పిట్ట. ముక్కు ఎడమవైపు. రెక్క మీద సన్నటి గాటు. ముద్ర రబ్బరు మీదా అదే పిట్ట, ముక్కు ఎడమకే, అదే గాటు. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఎక్కడిది వదినా ఇది?"

"వంతెన అవతల కొత్త కొట్లో దొరికింది. మనం గడప గడపకీ తిరిగి అలవాటు చేసిన పిట్టని వాడు గుమ్మంలోనే వేలాడదీశాడు."

"అయ్యో. మన కార్డు చూసి గీసుకున్నట్టున్నారు."

"పిట్టని గీసుకుంటారు. గాటు ఎందుకు గీసుకుంటారు? అది నువ్వు బల్లకి తగిలిన రోజు నా కత్తి జారి పడ్డ గాటు. అది తప్పని నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?"

మరదలు ముఖంలో రంగు మారింది. "అంటే నేనిచ్చానంటారా?"

"నాకు జ్వరం వచ్చిన వారం ముద్ర ఎవరింట్లో ఉంది?"

"మా ఇంట్లోనే ఉంది. ఒప్పుకున్న పని ఆగకూడదని తీసుకెళ్లాను. మీరు మూలుగుతూ పడుకుంటే రాత్రింబవళ్లు నేనే అద్ది, మడిచి, ఇచ్చొచ్చాను."

"ఎవరెవరికి ఇచ్చొచ్చావో ఇప్పుడు తెలిసింది."

ఆరేళ్ల కిందట ఈ గదిలోకి వచ్చినప్పుడు మరదలికి చెక్కుడు కత్తి పట్టుకోవడం కూడా రాదు. మొదటి ముద్ర మీద 'శుభాకాంక్షలు' అని తిన్నగా చెక్కేసింది. కాగితం మీద అక్షరాలన్నీ తిరగబడి పడ్డాయి. "కార్డుతో పాటు ఒక అద్దం కూడా ఇద్దామా?" అని వదిన వారం రోజులు ఏడిపించింది. ఆ తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది. సొరుగు తాళంచెవి ఒకటి చేతిలో పెట్టింది. ప్రతి కార్డు వెనకా 'వదినామరదళ్లు' అని వేయించింది. తను ఇచ్చినవన్నీ ఒక పక్కన, ఈ కార్డు ఇంకో పక్కన పెట్టుకుని చూసుకుంది. ఎలా చూసినా తనే మునిగింది.

"సొంత తమ్ముడికే ఇవ్వని తాళంచెవి నీకిచ్చాను" అంది. "పైవాళ్లు ముంచితే తుడిచేసుకుని ఇంకో దారి చూసుకుంటాం. ఇంట్లోవాళ్లు ముంచితే ఎక్కడ తుడుచుకోవాలి?"

"ఒక్కసారి ముద్ర అద్ది చూడండి వదినా. మీ కోపం చల్లారాకైనా."

"అద్దేదేముంది? రెండూ కళ్లెదురుగానే ఉన్నాయిగా. నాకా నువ్వు పని నేర్పేది?"

మరదలు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. కాగితం మడతలు నొక్కే చెక్క బద్దను సంచిలో వేసుకోబోయి, అదీ వదిన కొనిచ్చిందేనని గుర్తొచ్చి, తిరిగి బల్ల మీద పెట్టేసింది.

"జిగురు సీసా మూత సరిగా పడట్లేదు, చూసుకోండి" అని గుమ్మం దగ్గర అంది.

"పర్లేదు. ఇన్నాళ్లూ నేను చూసుకోనిది జిగురు సీసా కాదు."

చెప్పుల చప్పుడు మెట్లు దిగి వీధిలో కలిసిపోయింది. వదిన పిలవలేదు. వెనక్కి పిలిస్తే తన మాట తప్పని ఒప్పుకున్నట్టవుతుంది.

సాయంత్రానికి యాభై కార్డులు ఇవ్వాలి. ఇద్దరి పని ఇక ఒక్కతే చేసుకోవాలి. వదిన కళ్లు తుడుచుకుని, ఇంకు పెట్టె తెరిచి, కొత్త అట్ట ఒకటి ఆ కొట్టు కార్డు పక్కనే సర్దుకుంది. ముద్రను ఇంకులో రెండుసార్లు తట్టి, అట్ట మీద పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కి పైకెత్తింది.

పిట్ట ముక్కు కుడివైపు ఉంది. పక్కనున్న కొట్టు కార్డు మీద పిట్ట మాత్రం ఎడమకే చూస్తోంది.