పట్టీలు వచ్చాక పట్టు

విజయనగరం కబడ్డీ జట్టుకి పట్టు నేర్పే కోచ్ అప్పలసూరి. పక్కవాడి చెయ్యి పట్టుకుని గొలుసు కట్టాలి, రైడర్ కాలు లోపల పడగానే ఆ చెయ్యి నొక్కాలి, ఇద్దరూ ఒక్కసారే దూకాలి. ఇరవై రెండేళ్లు ఆయన నేర్పింది ఆ నొక్కుడే. ఇప్పుడు ఏ జట్టులో చూసినా, ఎప్పుడు దూకాలో మణికట్టుకున్న పట్టీలే అదిరి చెబుతున్నాయి. రోజూ వాటి చెమట తుడిచి చార్జింగ్ పెట్టడం ఆయన పని.

ఆవేళ ప్రాక్టీసు మధ్యలో పట్టీలన్నీ ఆగిపోయాయి. అప్పలసూరి ముఖం వెలిగింది.

"ఒరే, గొలుసు కట్టండ్రా. నానే రైడుకొత్తన్నాను, పట్టండి సూద్దాం."

ఏడుగురూ చేతులు పట్టుకున్నారు. యాభై ఎనిమిదేళ్ల మనిషి కూత పెడుతూ వాళ్ల మధ్యకి వెళ్లాడు. ఒక్క చెయ్యీ ఇంకో చేతిని నొక్కలేదు. తొడ చరిచాడు. చివరి గీత దాకా వెళ్లి నిలబడ్డాడు.

"పట్టీ అదరనేదు కద సార్," అన్నాడు కెప్టెన్ తవిటినాయుడు, బెదురుగా.

తిట్టాలంటే కూత ఆపాలి. అప్పలసూరి ఆపలేదు. ఒక్క చెయ్యయినా తన మీద పడుతుందేమోనని, ఊపిరి అయిపోయేదాకా కబడ్డీ, కబడ్డీ అంటూనే ఉన్నాడు.