వంటింటి రంగులు

తలకి కట్టుతో గవర్రాజు కంపెనీ వ్యాను దిగేసరికి మెస్సులో జనం మూగి ఉన్నారు.

తన కోసమే అనుకుని ఒళ్లు పొంగింది అతనికి. నీళ్ల ట్యాంకు మీద కంపెనీ పేరు రాస్తూ నిచ్చెన మీంచి పడి, చావు అంచుదాకా పోయి వచ్చిన మనిషాయె!

ఒక్కడూ తల తిప్పలేదు. అందరూ నేలకేసి చూస్తున్నారు.

తోసుకుని లోపలికి వెళ్లాడు. సిమెంటు నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా రంగులు. గీతలు, గళ్లు, శూలాలు. మధ్యలో గొంతుక్కూర్చుని పిడికిట్లోంచి పొడి జారవిడుస్తున్నాడు సిమెంటు కూలీ భీమన్న. కరీంనగర్ వైపు మనిషి.

గవర్రాజు గుండెల్లో రాయి పడింది.

ఏలూరులో సినిమా బేనర్లు వేసినవాడు తను. డెబ్బై ఆరులో మస్కట్ అవతలి ఈ నిజ్వాకి వచ్చింది తట్టలు మోసే వీసా మీదే అయినా, ఏడాదిగా కుంచె పట్టుకుని నీడపట్టున బతుకుతున్నాడు. కంపెనీకి కావలసింది ఒక్క పెయింటరు. తను ఆస్పత్రి మంచాన పడి ఉండగా ఈ భీమన్న ఆ కుంచెకే ఎసరు పెట్టాడన్నమాట!

"ఎవడు వెయ్యమన్నాడయ్యా నిన్ను?"

భీమన్న తలెత్తి, మొహమంతా నవ్వాడు. "అచ్చినవా అన్నా! నీ కోసమే సూస్తున్న."

"నాకు చూపించి ఉడికించడానికా?"

"గట్లెందుకంటవ్? జర ఆగు. అయిపోవచ్చింది."

"ఫోర్మేను ఫోటో గూడ తీసుకపోయిండు" అన్నాడు గుంపులోంచి ఎవడో.

గవర్రాజు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. తను రాసిన బోర్డుకి ఒక్కనాడూ ఫోటో తీసిన పాపాన పోలేదు ఆ ఫోర్మేను. వంగి ఆకుపచ్చ పొడి చిటికెడు తీసి వాసన చూశాడు. గోరింటాకు! తెలుపు బియ్యప్పిండి. నలుపు బొగ్గు. పసుపు, కూరలో వేసే పసుపే. అందులో సున్నం కలిపితే ఎరుపు.

"ఇవి రంగులా? వంట సామాను! వాకిట్లో ముగ్గేసి ఆర్టిస్టునంటావా?"

"నేను గట్ల అనలే గదా. గిది ముగ్గు గాదు, పట్నం. మా మల్లన్న దేవునికి ఏసేది. ఆర్టు గీర్టు నాకెరుక లేదు."

"తెలీకపోతే నోర్మూసుకో! కళంటే నిలవాలి. నా బేనరు వానకి తడిసినా రంగు దిగేది కాదు. కాలితో తుడిస్తే పోయేది కూడా కళేనా?"

"పోవుడే మంచిది అన్నా. పోకుంటెనే తప్పు."

ఆ మాటలో ఎకసెక్కం వినిపించింది గవర్రాజుకి.

"అయితే పోగొడతా చూడు!" అని కాలెత్తాడు.

అడ్డం రాబోయిన ఇద్దర్ని భీమన్నే చేయెత్తి ఆపాడు. ఆపి, గభాల్న గవర్రాజు కాలు పట్టుకున్నాడు.

"చెప్పులు! చెప్పులిడువు అన్నా, నీ కాల్మొక్కుత."

కాళ్లబేరానికి వచ్చాడనుకున్నాడు గవర్రాజు. చెప్పులు గోడకేసి విసిరికొట్టి, ఆ కొస నుంచి ఈ కొస దాకా కసిదీరా తొక్కాడు. శూలాలు చెరిగిపోయాయి. రంగులన్నీ కలిసి బురద రంగయ్యాయి.

భీమన్న తిట్టలేదు. ఆ పాదాల కింది పొడి గుప్పెడు తీసి రుమాల్లో మూట కట్టుకున్నాడు.

"మళ్లీ వేద్దామని దాస్తున్నావా?"

భీమన్న జవాబు చెప్పేలోపే గవర్రాజు వెనుదిరిగాడు. అక్కడితో ఊరుకుంటే గవర్రాజెందుకవుతాడు! తిన్నగా ఫోర్మేను దగ్గరికి వెళ్లి, భీమన్న వంటసామాను దొంగిలించాడని చెప్పాడు. కాదని చెప్పగల వంటమనిషి బాబు మియా సరుకులకని మస్కట్ పక్కనున్న మత్రా బజారుకి వెళ్లి ఉన్నాడు. దొంగతనం మాట చెవిన పడ్డాక కూలీ మాట ఎవడు వింటాడు? మర్నాడు పొద్దున్నే భీమన్న చేతిలో పాస్‌పోర్టు పెట్టి మస్కట్ వ్యాను ఎక్కించారు.

పీడ వదిలిందనుకున్నాడు గవర్రాజు. రూమ్‌లో ఎవరూ తనతో మాట్లాడకపోయినా, కుంచె చేతిలో ఉంది కదా అని మీసం దువ్వుకున్నాడు.

ఆ రాత్రికి బాబు మియా తిరిగొచ్చాడు. సరుకులు దింపకుండానే నేరుగా గవర్రాజు మంచం దగ్గరికి వచ్చి, రుమాలు మూట ఒళ్లో పడేశాడు.

"భీమన్న మత్రాల కలిసిండు. నీకియ్యమన్నడు. ఇప్పుడు ఇమానంల ఉంటడు."

మూట విప్పిన గవర్రాజు ఉలిక్కిపడ్డాడు. "తొక్కిన పొడి! చేతబడి చేశాడా నాకు?"

"నోరు కడుక్కో! మల్లన్న ప్రసాదమట, నొసట పెట్టుకొమ్మన్నడు. సామాను నేనే ఇచ్చిన. దొంగ అన్నవట గదా, అరె, నీకు నాలుకెట్లాడింది?"

"వాడు నా పని లాక్కోవాలని చూశాడు!"

"నౌకరీ పోయిందని నేను ఏడిస్తే ఆడు నవ్విండు. తొక్కేటోడు తొక్కిండు, మొక్కు తీరింది, ఇగ ఫికర్ లేదన్నడు."

"నేను తొక్కితే వాడి మొక్కు తీరడమేంటి?"

బాబు మియా అతని తలకట్టు కేసి చూశాడు.

"వాళ్లింట్ల ఎవరి పేర పట్నమేస్తే వాళ్లే తొక్కాలెనట. నువ్వు పడ్డనాడు నిన్ను బుజానేసుకొని రోడ్డు దాక ఉరికినోడు ఆడే, నువ్వు కండ్లు తెరిస్తే నీ పేర పట్నమేస్తనని మల్లన్నకు మొక్కినోడు ఆడే."