కింది గొంతు

గురువారం సాయంత్రం కీర్తనల సాధన మొదలవబోతుండగా, ముఖం నిండా గుంటలున్న మనిషి ఒకడు ప్రార్థన మందిరంలోకి వచ్చాడు.

నేరుగా వెళ్లి కింది గొంతు, అంటే మంద్రస్థాయి, పాడేవాళ్ల బల్ల మీద కూర్చున్నాడు.

ఆ బల్ల మీదివాళ్లంతా ఒక్కసారిగా లేచిపోయారు.

మసాచుసెట్స్ కొండల్లోని ఆ ఊరికి మశూచి వచ్చిన రోజులవి. గుంటల ముఖం కనబడితే చాలు, పిల్లా పెద్దా హడలిపోయేవారు.

"తలుపు దగ్గర నిలబడు బాబూ. నీ పాట మాకు అక్కడినుంచీ వినిపిస్తుంది," అన్నాడు సంఘం పెద్ద.



వచ్చినవాడి పేరు ఎనోస్. ఊరూరా తిరిగి చెక్కపీపాలకు పట్టీలు బిగించేవాడు. వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు.

పాట నేర్పే ఆసాహెల్ మాత్రం ఆ ముఖంకేసి ఆశగా చూశాడు.

ఆయన ఒక్కగానొక్క కూతురు హిట్టీని ఆ వారమే పచ్చికబయలు అవతలి రోగుల ఇంటికి తరలించారు. అక్కడ గుక్కెడు నీళ్లిచ్చే దిక్కు లేదు. మశూచి వచ్చి బతికినవాళ్లే లోపలికి వెళ్లాలని ఊరి కట్టడి. అలాంటివాడు ఊళ్లో ఒక్కడూ లేడు.

ఆసాహెల్‌కు కూతురంటే ప్రాణం. కానీ ఆ ఇంటి గడప అంటే చచ్చేంత భయం.

"నీకు వచ్చి తగ్గిపోయింది కదయ్యా, ఇక నీకేం భయం? మా అమ్మాయి దగ్గరికి వెళ్లవూ?" అని బతిమాలాడు.

ఎనోస్ తన ముఖం మీది గుంటలను ఒకసారి తడుముకున్నాడు.

"మీ అమ్మాయి ఏ గొంతు పాడుతుంది?"

"పై గొంతు."

"సరేనండీ, వెళ్తాను."

మర్నాటి నుంచి పొద్దువాలే వేళకు ఆ ఇంట్లోంచి పాట వినబడసాగింది. తెగులుకు భయపడవద్దని చెప్పే దావీదు కీర్తన అది, ఊళ్లో అందరికీ వచ్చిన వరసే. కింది గొంతు ముందు ఎత్తుకుంటుంది. తక్కినవి ఒకదాని వెనక ఒకటి వచ్చి కలుస్తాయి. పై గొంతు అన్నిటికన్నా చివర.

ఆసాహెల్ ఆ ఇంటి చుట్టూ ఉన్న రాతిగోడ ఇవతల నిలబడి వినేవాడు. ఎనోస్ ఎత్తుకునేవాడు. నడిమి గొంతుల చోటు ఖాళీగా గడిచేది. హిట్టీ వంతు వచ్చేసరికి ఆసాహెల్ ఊపిరి బిగబట్టేవాడు.

సన్నగా ఆమె గొంతు కలిసేది. హమ్మయ్య, బతికే ఉంది.

ఒక సాయంత్రం కలవలేదు.

ఎనోస్ మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. అప్పుడూ కలవలేదు. ఆసాహెల్ గోడకు జారగిలబడ్డాడు. పొద్దు పూర్తిగా కుంకేదాకా ఎనోస్ ఎత్తుకుంటూనే ఉన్నాడు. చివరికి, విన్నామో లేదో అన్నంత సన్నగా, పిల్ల గొంతు వచ్చింది.

ఆ తర్వాత ఆమె గొంతు రోజురోజుకూ బలపడింది. ఎనోస్ గొంతు రోజురోజుకూ తగ్గింది. ఒకనాడు హిట్టీ ఒక్కతే పాడింది.

పిల్లకు నయం కాగానే దారి పట్టి ఉంటాడనీ, కాలు ఒకచోట నిలవని మనిషనీ సంఘం పెద్ద తేల్చేశాడు. ఆసాహెల్‌కూ అలాగే అనిపించింది. ఒక్క మాటైనా చెప్పి పోలేదని నొచ్చుకున్నాడు కూడా.

రోగం ఎవరికీ అంటకుండా బట్టలకు పొగ పట్టించి హిట్టీని బయటికి వదిలిన రోజు, ఆసాహెల్ ఆమెను గుండెకు హత్తుకుని ఏడ్చేశాడు. తర్వాత ఎనోస్ ఎటు వెళ్లాడని అడిగాడు.

ఆమె ఇంటి వెనక కొత్త మట్టిదిబ్బను చూపించింది. కోలుకున్నవాళ్లమే తవ్వామని చెప్పింది.

"మశూచితోనా? ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రాదంటారే."

"రాదు నాన్నా. ఆయన ముఖం ఇంగ్లండువాళ్లతో యుద్ధంలో తుపాకిమందు పేలి అలా గుంటలు పడింది," అంది హిట్టీ. "మశూచి రావడం ఆయనకు అదే మొదటిసారి."