చివరి బొమ్మకు కళ్లు

"ఒక్క కన్ను చాలు డాక్టరు గారూ! ఆ ఒక్కటీ నిలబెట్టండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

అత్త చచ్చిన ఆర్నెల్లకు కోడలి కంట నీరొచ్చిందని సామెత. ఈ కోడలు అత్త కన్ను పోతుందంటేనే వారం రోజులుగా అన్నం మానేసింది. అత్తగారి ఎడమ కన్ను అంతకు ముందే పోయింది. కుడి కంటికి ఆపరేషన్ చేసి కట్టు కట్టారు.

"కన్న కూతుళ్లు కూడా ఇలా చూసుకోవడం నేను చూళ్లేదమ్మా," అంది నర్సు.

ఫోన్ మోగింది. గ్యాలరీ మేనేజరు.

"మేడమ్, పదకొండు బొమ్మలు గోడెక్కాయి. పన్నెండోది ఏదీ? ఎల్లుండే ప్రారంభం!"

"ఇంకా కళ్లు దిద్దలేదండీ."

పాతకాలపు రాజాస్థాన చిత్రాల తరహాలో వేసిన, అరచేతిలో పట్టే బొమ్మలవి. పాతవాటిలో రాణి మేడ మీద రాజు కోసం ఎదురుచూస్తుంది. వీటిలో రాణి సింహాసనం మీద తీర్పు చెబుతుంటే, రాజు పక్కన నిలబడి విసనకర్రతో విసురుతుంటాడు. పేపర్లు ఈ బొమ్మల్ని నెత్తిన పెట్టుకున్నాయి.

"కళ్లే కదా! ఇంకో ఆర్టిస్టుని పంపనా?"

"వద్దు! మొదలుపెట్టిన చెయ్యే కళ్లు దిద్దాలి. వేరే చెయ్యి పడితే ఇట్టే తెలిసిపోతుంది."

ఫోన్ పెట్టేసి మంచం దగ్గరికి పరుగెత్తింది. అత్తగారు తడుముకుంటూ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నా మూలంగా నీ ఎగ్జిబిషన్ ఆగిపోతుందేమోనే తల్లీ."

"మీ కళ్లకంటే ఎక్కువా అత్తయ్యా? మీకు చూపొచ్చేదాకా నేను కుంచె ముట్టను."

వార్డంతా విన్నది. పక్క మంచం ముసలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పదకొండింటికి డాక్టరు కట్టు విప్పాడు.

"ఎన్ని వేళ్లమ్మా?"

"చెబుతాను గానీ నాయనా, ముందు ఆ లైటు వెయ్యి."

కిటికీ నిండా ఎండ ఉంది. డాక్టరు చెయ్యి దించేశాడు.

కోడలు నేల మీద కూలబడింది. "అయిపోయింది, అంతా అయిపోయింది!" అని తల బాదుకుంది. అత్తగారే ఆమెను వెతుక్కుంటూ గాల్లో చేతులు చాపింది.

"ఊరుకోమ్మా," నర్సు ఆమెను లేవనెత్తింది. "ఇక ఆవిడకు కళ్లూ చేతులూ అన్నీ నువ్వే."

కోడలు ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఆ బొమ్మలన్నీ వేసింది అత్తగారే.