నీలం గేటు ముందు కారు

నవంబరు పదకొండున, ఆసుపత్రిలో భార్య తినలేక వదిలేసిన రెండు బ్రెడ్డు ముక్కలు నోట్లో వేసుకుని బయల్దేరిన కుట్టుమిషన్ల మెకానిక్, సాయంత్రానికల్లా ఆ నీలం గేటు ముందు నిలబడ్డాడు. ఫోన్లోని ఫొటోనీ గేటునీ మార్చి మార్చి చూశాడు. గేటు అదే. దాని ముందు ఉండాల్సిన తెల్లకారే లేదు.

తలుపు తీసిన పెద్దాయన ఆ ఫోన్ వంక చూడనైనా లేదు.

"కారు కోసమేనా? లోపలికి రా నాయనా."

మెకానిక్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, పెద్దాయన నింపాదిగా చెప్పుకొచ్చాడు. ఆ కారు ఒకప్పుడు తనదేనట. భార్య పోయాక మూడేళ్ళ కిందటే అమ్మేశాడట. ఎవరో ఆ ఫొటోని అమ్మకాల సైట్లో పెట్టి, బయానా పుచ్చుకుని, కొనేవాళ్ళని ఈ గుమ్మానికి తోలుతున్నారట.

"నువ్వూ పంపావా బయానా?"

"పంపాను బాబాయిగారూ. ఇంకో ఇద్దరు అడుగుతున్నారన్నాడు."

"మాట్లాడావా?"

"లేదు. గొంతు బాగాలేదని అంతా మెసేజీల్లోనే కానిచ్చాడు."

"అయితే ఫొటో చూసి నమ్మేశావన్నమాట."

"అంత బాగుంది మరి ఫొటో."

పెద్దాయన లేచి వెళ్ళి టీ కలుపుకొచ్చాడు. పంచదార ఎంతో అడగకుండానే సరిగ్గా వేశాడు.

ఆ వేడి గొంతులోకి దిగాక మెకానిక్ నోరు విప్పాడు. భార్యకి తుంటి ఎముక ఆపరేషనైంది. రేపు ఇంటికి పంపిస్తారు. స్కూటరెక్కే యోగం ఆమెకి ఇక లేదు. సొంత కార్లో తీసుకెళ్తానని వార్డంతా వినేలా మాటిచ్చేశాడు. పక్కమంచం ఆవిడైతే అప్పుడే ఆమెని "కారుగలావిడ" అని పిలవడం మొదలెట్టింది.

"ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్న మొహమే పెట్టుకుని వెళ్ళు. రేప్పొద్దున ఓ టాక్సీ మాట్లాడుకో. ఆమె ఇంటికొస్తోంది నాయనా. అది చాలదూ?"

ఆ మాటకి మెకానిక్ కళ్ళు చెమర్చాయి. అవి దాచుకోడానికి గోడ వైపు తిరిగాడు. గోడ నిండా ఫొటోలు. పెద్దాయన ముప్పయ్యేళ్ళు స్టూడియో నడిపాడట. పై వరసల్లో దండలతో కొత్త జంటలు, బోసినవ్వుల పసివాళ్ళు. కింది వరసలో మాత్రం ఒక్కో ఫొటోలో ఒక్కో మనిషి, ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. అందరూ కూర్చున్నది, ఇప్పుడు తను కూర్చున్న కుర్చీలోనే.

"వీళ్ళు మీ చుట్టాలా?"

"కారు కోసం వచ్చినవాళ్ళు."

మెకానిక్ లెక్కపెట్టబోయి మానుకున్నాడు. వరస చివర ఒక ఖాళీ ఫ్రేము మేకుకి వేలాడుతోంది.

"ఎందుకండీ ఇవన్నీ?"

"ఎవరొచ్చారో గుర్తుండొద్దూ? ఒక్కణ్ణే ఉంటే ఏ రోజు ఏ రోజో తెలీదు. కదలకు. కొంచెం ఇటు చూడు. ఆఁ, అలాగే." పెద్దాయన చేతిలో ఫోన్ ఒక్కసారి మెరిసింది.

మెకానిక్ గబగబా లేచాడు.

"వెళ్తాను బాబాయిగారూ."

"వెళ్ళొస్తానను."

"వెళ్ళొస్తాను."

"అందరూ అదే అంటారు. ఒక్కళ్ళూ రారు," అన్నాడు పెద్దాయన. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో.

చీకటి పడుతోంది. గేటు దాటేసరికి జేబులో ఫోన్ మోగింది. బ్యాంకు మెసేజీ. బయానా పైసా తగ్గకుండా వెనక్కి వచ్చేసింది. మెకానిక్‌కి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. పెద్దాయనకి చెబుదామని వెనక్కి తిరిగాడు. ఆయన అప్పటికే ఆ రాత్రికి తలుపు మూస్తున్నాడు, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు, చప్పుడు కాకుండా.

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి ఫొటో. కుర్చీలో తనే. అలసిపోయిన మొహంలో కూడా ఏదో తేటదనం. ఇంత బాగా తననెవరూ ఎప్పుడూ తీయలేదు. చాలాసేపు చూసుకుని, పంపిన నంబరు వంక చూశాడు.

అది కారు అమ్మేవాడి నంబరు.