మా బృందంలో చోటు

"అక్కా, నువ్వే తెరువు. నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు," అంటూ చెల్లెలు ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

ఉద్యోగం మానేసి సొంతంగా డిజైన్లు చేసుకుంటోంది. ఆరు నెలలుగా పని లేదు. చివరికి ఉన్నదంతా ఊడ్చి, కంపెనీలవాళ్లంతా ఉండే సైట్లో, డిజైన్లు చేసిస్తామని ప్రకటన వేసింది. ఇవాళే దానికి ఆఖరి రోజు.

"ప్రకటన కింది ఫారం పదిహేడుమంది నింపారే!"

"కంపెనీలేనా?"

ఒక్కొక్కటే తెరిచి చదివాను. "డిజైనరు. డిజైనరు. ఇతనూ డిజైనరే. అందరూ నిన్నే పనిమ్మంటున్నారేంటే?"

"ఒక్కదాన్నే అంటే ఎవరు నమ్ముతారని, పేరు పెట్టకుండా 'మా బృందం' అని రాశాను," అంది నీరసంగా. "పెద్ద కంపెనీ అనుకున్నట్టున్నారు."

చివరిది తెరవగానే నా భుజం మీదుగా చూసి, గభాల్న నా చెయ్యి పట్టుకుంది.

"మా సార్! నాకు అక్షరం గీయడం నేర్పింది ఈయనేనక్కా. ఇంత బాగా గీసేవాళ్లని నేనింకెక్కడా చూడలేదు."

"ఏం రాశారు?"

తనే చదివింది. "'అయ్యా, ముప్పై ఏళ్ల అనుభవం ఉంది. ఎంత చిన్న పనైనా చేస్తాను. మీ బృందంలో చోటుందా?'"



"ఈయనకే పని లేకపోతే..." అని ఆగిపోయింది.

ఆ గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. నేను లేచి కూర్చోమన్నాను. చెల్లెలు దానివంకే చూస్తూ నిలబడి ఉంది.