ఇంటిపేర్లు చెప్పుకోకూడదు

“ఇంటిపేర్లు వద్దు. ఇక్కడ విన్నది గడప దాటకూడదు. బయట ఎదురుపడినా పలకరింపుల్లేవు.” కౌన్సెలర్ స్టనిమీరా నిబంధనలు మళ్లీ చదివింది. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా చదవాల్సిందే.

లోమ్ పట్టణంలో గ్రంథాలయం వెనకగది అది. ప్రతి బుధవారం ఆరుగురు ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని తమ గోడు చెప్పుకుంటారు. ఈ వారం ఏడో కుర్చీ పడింది.

“రాడ్కక్కకి ఇంకోసారి చదవండమ్మా,” అంది గింకా. “ఆవిడ చెవిన మాట పడితే సాయంత్రానికల్లా రేవుదాకా పాకుతుంది.”

అందరూ నవ్వారు. రాడ్కాకు నవ్వే ఓపిక లేదు. నిద్రపట్టి ఏడాదైంది. ఫోన్ మోగితే చెడువార్తే అనుకుంటుంది. మోగకపోతే అంతకన్నా చెడ్డదేదో జరిగిందనుకుంటుంది.

కొత్తగా వచ్చిన ఇవెలీనా టీ గ్లాసును రెండు చేతులా పట్టుకుంది. “నిజంగా ఎవరూ చెప్పరు కదా? ఈసారి దొరికితే చంపేస్తానన్నాడు మా ఆయన.”

“చెప్పరు,” అంది స్టనిమీరా.

“తన తల్లి చచ్చిపోయిందన్నాడు. పాపం, ప్రేమ ఎరగనివాడని నాలుగేళ్లు ఓర్చుకున్నా. ముందు తలుపుకి తాళం వేస్తాడు. పిడి మూడుసార్లు లాగి చూస్తాడు. అప్పుడు నావైపు తిరుగుతాడు.” ఆమె గొంతు తగ్గించింది. “ఇప్పుడు రొట్టెల బట్టీ మీద గదిలో ఉంటున్నా. లైటు కూడా వెయ్యను.”

రాడ్కా చేతిలో గ్లాసు జారి పగిలింది.

“ఇదిగో, మొదలైంది!” అంది గింకా. “ఆ పిల్ల బాధకి నీకెందుకక్కా అంత వణుకు?”

“అమ్మాయ్,” అంది రాడ్కా, “ఆ బట్టీ మాట ఇంకెక్కడా అనకు.”

రాడ్కా ఇంటికొచ్చి లోపల తాళం వేసింది. అలవాటుగా పిడి లాగింది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి లాగాక చెయ్యి దానిమీదే ఉండిపోయింది.

సూపు వేడిచేసింది గానీ తినబుద్ధి కాలేదు. అప్పుడు మోగింది ఫోన్.

“అది మీ ఊరి బస్సెక్కిందట,” అంది అవతల మగగొంతు. పలకరింపు కూడా లేదు. “ఇవెలీనా అని. ఊళ్లో నీకు తెలియనిదేముంది? ఎక్కడుందో చెప్పు చాలు, రేపే వస్తా. నీ దగ్గరే భోంచేస్తా.”

రాడ్కా కుర్చీ లాక్కుని కూర్చుంది. బల్లమీద సూపు చల్లారిపోతోంది.

“అలాంటి పిల్లెవరూ ఈ ఊళ్లో దిగలేదు,” అందామె, “నిన్ను కన్నదాన్ని, నీ దగ్గర దాస్తానా నాయనా?”